మామ తెచ్చిన మాట

మా అమ్మకు రిమాండు అనే మాట తెలుసు. మా మేనమామను పోలీసులు తీసుకపోయిననాడు విన్నది. పద్నాలుగేండ్లు దాటినంక జైలు నుంచి వచ్చిన కాగితం చదివి, "మామకు రెమిషన్ ఇచ్చిండ్రు" అని నేను చెబితే నెత్తి కొట్టుకుని ఏడ్చింది. "మళ్ల ఏం జేసిండురా, మళ్ల రిమాండు ఎందుకు?" అన్నది. ఒక మాట లోపలికి తీసుకపోయేది, ఇంకో మాట బయటికి తెచ్చేది అని నచ్చజెప్పేసరికి పొద్దుగూకింది. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా వాడలో ఆ కాగితం చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

మామ తప్పు చేయలేదని రాయను. పొలం గట్టు కాడ కొట్లాట అయింది. లేచిన కర్రల్లో మామ కర్ర ఒకటి. చచ్చిపోయింది పటేలు కాదు, పటేలు పంపిన జీతగాడు. మామకు యావజ్జీవం పడింది. నేను పలక మీద అ ఆలు దిద్దేటప్పుడు పోయినవాడు, నాకు మీసాలొచ్చినంక ఇంటికొచ్చాడు. లోపల మగ్గం నేశాడు. ఖైదీ చేసిన పనికి, మంచి నడతకు నెలకిన్ని రోజులని శిక్షలోంచి తగ్గిస్తారు. ఆ తగ్గింపే రెమిషన్. పెరోల్ వేరు. అది కొన్నాళ్లు ఇంటికి పోయి మళ్లీ లోపలికి రావడం.

మామ వచ్చిన తెల్లారి పేపర్లో "ఖైదీలకు క్షమాభిక్ష" అని వేశారు. ఉరిశిక్ష పడ్డవాడు రాష్ట్రపతికి పెట్టుకునే అర్జీకీ అదే మాట. మగ్గం నేసి రోజులు కూడబెట్టుకున్న మామకూ అదే మాట.

భిక్ష, బిచ్చం పుట్టుకలో ఒకటే. ఒడుగు చేసుకున్న బాపనోళ్ల పిలగాడు చేయి చాపితే భిక్ష. మా తాత కల్లం కాడ గంప పడితే బిచ్చం. నిజానికి మా తాత అడిగింది మేర. ఏడాది పొడుగునా దొరకు చెప్పులు కుట్టి, మోటకు తోలు కట్టి సంపాదించుకున్న కూలి. దొర దాన్ని దానం చేసినట్టు కొలిచేవాడు. తాత దండం పెట్టి ఎత్తుకొచ్చేవాడు. పేపరు చూసినప్పుడు నాకు ఆ గంపే యాదికొచ్చింది.

యావజ్జీవమంటే 14 ఏండ్లని ఊళ్లో అందరూ అనుకుంటారు. కాదు. బతికినంత కాలమని సుప్రీంకోర్టు 1961లోనే గోడ్సే కేసులో చెప్పింది. హత్య కేసులో యావజ్జీవం పడ్డవాణ్ని 14 ఏండ్లు నిండకముందు ప్రభుత్వం విడవకూడదని 1978లో చట్టంలో చేర్చారు. అంటే 14 గడప మాత్రమే. దాటినంక విడుదల చేసి తీరాలని చట్టం అనదు. కానీ నియమం ప్రకారం తన పేరును పరిశీలించమని అడిగే హక్కు ఖైదీకి ఉంది. అడిగే హక్కున్న చోట భిక్ష ఎందుకొచ్చింది?

2023 ఏప్రిల్‌లో ఆ మాట మళ్లీ మా ఇంటికొచ్చింది. జి. కృష్ణయ్య మా పాలమూరు బిడ్డ. పేద దళిత కుటుంబంలో పుట్టి ఐఏఎస్ అయ్యాడు. బీహార్‌లో గోపాల్‌గంజ్ కలెక్టరుగా ఉండగా 1994 డిసెంబర్ 5న ముజఫర్‌పూర్ దగ్గర గుంపు ఆయన్ను కారులోంచి లాగి చంపింది. ఆ కేసులో ఆనంద్ మోహన్ అనే నాయకుడికి 2007లో ఉరిశిక్ష పడింది. మరుసటేడు హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని చంపినవాళ్ల విడుదలకు బీహార్ జైలు నియమాల్లో ఒక అడ్డు ఉండేది. 2023 ఏప్రిల్ 10న ఆ అడ్డు తీసేశారు. 27న అతను బయటికొచ్చాడు. మామ నియమానికి తగ్గట్టు పద్నాలుగేండ్లు ఒదిగి ఉన్నాడు. అక్కడ నియమమే మనిషికి తగ్గట్టు ఒదిగింది.

ఈ వార్త చదివి వినిపిస్తే మామ ఒక్కటే అడిగాడు. "నన్ను విడిచేముందు పోలీసులు ఊర్లకొచ్చి అడిగి రాసుకపోయిండ్రు గదరా. ఆ కృష్ణయ్య పెండ్లాన్ని అడిగిండ్రా?"

ఆమె వద్దంటోందని, సుప్రీంకోర్టుకు పోయిందని చెప్పాను.

"క్షమించేదయితే ఆమె క్షమించాలె. సర్కారుది లెక్క చూసే పని" అన్నాడు.

అట్లని ఎవర్నీ విడవొద్దని నేను అనలేను. జనాభాలో మన వాటా కంటే జైళ్లలో మన వాటా ఎక్కువని సర్కారు లెక్కలే చెబుతున్నాయి. ఆ గేటు మూస్తే మొదట లోపల ఉండిపోయేది మనవాళ్లే. మనం అడగాల్సింది ఒకే కొలత. మామకెంతో, మాజీ ఎంపీకీ అంతే. అందుకే నా క్లాసులో పిల్లలు పేపరు చదువుతూ ఆ మాట దగ్గర ఆగితే, బోర్డు మీద "శిక్ష తగ్గింపు" అని రాస్తాను. భిక్ష అని రాయను.

మామ ఇప్పటికీ ఆ జీతగాని ఇంటి ముందు నుంచి నడవడు. చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతాడు. ఎందుకు మామా అంటే, "దానికి రిమిషన్ లేదురా" అంటాడు.