చేప తలకు దెబ్బ తగిలితే

మన కామాఠిపురంలో చేప అంటే ముందు పులుసే గుర్తుకొస్తుంది. గాజు తొట్టెలో పెట్టి, వేళకు మేత వేసి, ఒంట్లో నలతగా ఉందేమోనని చూసుకునే చేప సంగతి చెబితే మా గల్లీ పెద్దలు ఇప్పటికీ నవ్వుతారు. ఈసారి నేను రాస్తున్నది ఆ చేప గురించే. డిపాజిట్ల వడ్డీ గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. అది పత్రిక అచ్చయ్యేలోగా మారిపోతుంది కనుక తప్పించుకున్నాను.

మా కాక, అంటే నాన్నగారి తమ్ముడు, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడి బట్టల మిల్లులో మగ్గం నడిపిన మనిషి. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత ఆయనకు మిల్లు పని మళ్ళీ దొరకలేదు. కుట్టుమిషను పెట్టుకుని పిల్లలను చదివించాడు. కొడుకు భివండీలో ఫ్లాటు కొనుక్కున్నాడు. చిన్నమ్మ పోయిన తర్వాత కాక చాళీలోని ఆ ఒక్క ఖోలీలోనే ఒంటరిగా ఉంటున్నాడు. మనుమడు ఆయన దగ్గర ఉండి చదువుకున్న రోజుల్లో పెట్టిన రెండడుగుల ఉప్పునీటి తొట్టె మాత్రం ఆయనకు మిగిలింది. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు రెండు, నీలం డామ్‌సెల్ ఒకటి. 2003లో వచ్చిన నీమో సినిమా పుణ్యమా అని ఆ పట్టీల చేపను గుర్తుపట్టని పిల్లలు లేరు. మా చిన్నతనంలో ఇలాంటివి చూడాలంటే మెరైన్ డ్రైవ్‌లో 1951లో తెరిచిన తారాపోర్‌వాలా అక్వేరియానికి వెళ్ళాల్సిందే.

పోయిన ఏడు ఒక ఆదివారం పొద్దున్నే కాక ఫోను చేశాడు. "పెద్దదాని నెత్తి పగిలింది రా. ఒక కన్ను ఉబ్బింది. నిన్నటి సంది తింటలేదు" అన్నాడు. నేను వెళ్ళేసరికి సగం చాళీ అక్కడే ఉంది. ఒకావిడ పసుపు వేయమంది. ఒకాయన దుకాణం నుంచి నీలం మందు తెచ్చి మూత తీయబోతున్నాడు. చౌపాటీలో వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుందని ఇంకొకరన్నారు. కొడుకేమో, "ఇక ఇది చాలించి మా ఇంటికి వచ్చెయ్ బాపూ" అని ఫోనులో అంటున్నాడు. కాక ఎవరికీ జవాబు చెప్పలేదు. చేప పోతే ఆయన ఖోలీ వదలడానికి ఇక అడ్డమేమీ ఉండదని అక్కడ అందరికీ తెలుసు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, చేపల వైద్యుణ్ణి కాను. పరేల్‌లో 1886 నాటి పశువైద్య కళాశాల ఉంది, అంధేరీ వైపు కేంద్ర మత్స్య విద్యాసంస్థ ఉంది. కానీ రెండంగుళాల చేపను పట్టుకుని ఆదివారం ఎక్కడికి పోతాం? మా ఇంట్లోనూ చాలా ఏళ్ళుగా ఇలాంటి తొట్టె ఉంది కనుక నాకు తెలిసినంతలో చూశాను.

మొదట తేల్చుకోవలసింది అది దెబ్బా, జబ్బా అని. దెబ్బ ఒక్క రాత్రిలో కనబడుతుంది, సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది. పొలుసులు లేచి, చర్మం గీరుకుపోయి తెల్లగానో ఎర్రగానో ఉంటుంది. ఒకే కన్ను ఉబ్బితే ఎక్కువగా దెబ్బే. రెండు కళ్ళూ ఉబ్బితే నీళ్ళనూ, లోపలి జబ్బునూ అనుమానించాలి. అలా కాకుండా తల మీద రెండు వైపులా చిన్న చిన్న గుంటలు పడి, వారాల తరబడి పెరుగుతూ పక్క గీత వెంట తోక వైపు పాకితే అది వేరే రోగం. సర్జన్ చేపలకు, ఏంజెల్ చేపలకు ఎక్కువగా వస్తుంది. మేతలో విటమిన్ల లోపం ఒక కారణమంటారు. వడపోతలో వాడే బొగ్గు మరో కారణం. 2011లో అమెరికాలో సర్జన్ చేపల మీద జరిపిన పరీక్షలో బొగ్గు వడపోత ఉన్న తొట్టెల్లోనే ఆ గుంటలు పడ్డాయి. దీనికి గాయం మందులు వేసి లాభం లేదు. బొగ్గు తీసేసి మేత మార్చాలి.

కాక చేపకు ఎడమ కంటి మీద ఒకే గాయం. గుండ్రంగా తిరగడం, తలకిందులు కావడం లేదు. అవి ఉంటే మెదడుకు దెబ్బ తగిలిందేమో అనుకోవాలి, దానికి చీకటి, నిశ్శబ్దం తప్ప మనం చేయగలిగేది తక్కువ. మొప్పలు కొంచెం వేగంగా ఆడుతున్నాయి, అంతే.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. సముద్రపు చేప నీళ్ళలోనే ఉండి దాహంతో ఉంటుంది. దాని ఒంట్లోని ఉప్పు సముద్రపు ఉప్పులో మూడో వంతే కనుక ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అందుకే అది ఉప్పునీరు తాగుతూ, మిగులు ఉప్పును మొప్పల ద్వారా తోసేస్తూ ఉంటుంది. చర్మం మీది జిగురు పొర ఈ నష్టాన్ని ఆపే గోడ. గాయమంటే గోడకు పడిన చిల్లు. కాబట్టి చేత్తో పట్టడం, వలతో గీరడం, పసుపు పులమడం, అన్నీ ఆ చిల్లును పెద్దవి చేసేవే. నీలం మందు తొట్టెలో పోస్తే నీటిని శుభ్రం చేసే మంచి సూక్ష్మజీవులూ చస్తాయి, తర్వాత అమ్మోనియా పెరిగి గాయం లేని చేపలు కూడా పోతాయి. రాగి మందు పరాన్నజీవులకే, గాయానికి కాదు. చౌపాటీ మాట అసలే వద్దు. తొట్టెలోని రోగం సముద్రంలోని చేపలకు అంటించే హక్కు మనకు లేదు.

డామ్‌సెల్ ఊరుకోదు, గాయాన్ని పొడుస్తుంది. అందుకని సబ్బు తగలని ప్లాస్టిక్ టబ్బులో తొట్టె నీళ్ళే పోసి, గాలి రాయి వేసి, దాక్కోవడానికి ఒక పైపు ముక్క పెట్టాం. చేపను వలతో కాకుండా గిన్నెతో ముంచి అందులోకి మార్చాం. పైన తువ్వాలు కప్పాం. హైడ్రోమీటరులో 1.025 ఉన్న ఉప్పును మంచినీళ్ళు కలుపుతూ రెండు మూడు రోజుల్లో మెల్లగా 1.020కి దించాం. ఒంట్లోని నీరు పోయే భారం కొంత తగ్గుతుందని. మంచినీళ్ళంటే నల్లా నీళ్ళు నేరుగా కాదు, క్లోరిన్ తీసినవి. టబ్బులో అమ్మోనియా త్వరగా పేరుకుంటుంది కనుక రోజూ పావు వంతు నీళ్ళు మార్చాలి. కాక కుట్టుపని లెక్కల పుస్తకంలోనే ఉప్పు, వేడి, తిన్నదా లేదా అని రాసిపెట్టాడు. మా బ్రాంచిలో అంత శుభ్రమైన లెడ్జరు నేను చూడలేదు. ఎరుపు పాకినా, దూదిలాంటి తెలుపు కనబడినా యాంటీబయాటిక్ కోసం వైద్యుణ్ణి అడగాలనుకున్నాం. ఆ అవసరం రాలేదు. నాలుగో రోజు ఒక రొయ్య ముక్క తిన్నది.

కానీ దెబ్బ ఎందుకు తగిలింది? ఆడిట్‌లో లాగానే ఏ వేళకు జరిగిందని అడిగాను. "పొద్దుగాల నల్లా వచ్చినప్పుడు సూసిన" అన్నాడు కాక. గాజు మూత తీసి చూస్తే లోపలి వైపు ఒక మూలన చిన్న పొలుసు అంటుకుని ఉంది. తొట్టెల్లో క్లౌన్ చేపలు చాలాసార్లు పైమూలన, నీటి మట్టానికి దగ్గరగా నిద్రపోతాయి. నాలుగున్నరకు నల్లా నీళ్ళు పట్టడానికి కాక లేచి ట్యూబులైటు వేస్తాడు. కారుచీకటిలో నిద్రపోతున్న చేపకు అది పిడుగు పడ్డట్టే. ఎగిరి మూతకు గుద్దుకుంది. మోరీ దగ్గర ఒక జీరో బల్బు పెట్టించాను. తొట్టె నీటిని రెండంగుళాలు దించి, మూతకు దూరం పెంచాం.

పది రోజులకు గాయం మానింది. కన్ను దిగడానికి ఇంకో వారం పట్టింది. ఉప్పును మళ్ళీ మెల్లగా పాత లెక్కకు తెచ్చి తొట్టెలో వదిలితే, జంట చేప దాని పక్కకే వచ్చి నిలబడింది. నెత్తి మీద నారింజ రంగు పూర్తిగా తిరిగి రాలేదు, బూడిద రంగు మచ్చ ఉండిపోయింది.

మొన్న వెళ్ళినప్పుడు కాక చాయ్ పోస్తూ, "ప్లాస్టిక్ సంచిలో అయితే ఇవి ఎన్ని గంటలు బతుకుతయి రా?" అని అడిగాడు. సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్ నింపించి, ఒక్కో సంచికి ఒక్కో చేప పెట్టి, చీకటి డబ్బాలో ఉంచితే రోజంతా ఉంటాయని చెప్పాను.

"భివండీకి రెండు గంటలే గద" అన్నాడు.