వేగమును, త్వరణమును

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా-ఇ పందెము జరిగినది. భారతదేశమున ఆ పందెము జరుగుట అదియే మొదలు. మరుసటి యేడు జరుగవలసినది రద్దయినను, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల నుండి వచ్చి మా తరగతిలో కూర్చుండు బాలురకు విద్యుత్తు కారుల ముచ్చట మాత్రము తీరలేదు. వారిలో రెండు పక్షములు గలవు. ఒక పక్షమువారికి పినిన్‌ఫరీనా వారి బాటిస్టా ప్రియము. అది ఇటలీలో తయారగునదే గాని, ఆ కంపెనీ మన మహీంద్రా సంస్థకు చెందినది గనుక దానిపై వీరికి మమకారము. రెండవ పక్షమువారు క్రొయేషియా దేశపు రిమాక్ వారి నెవెరాను మెచ్చుకొందురు. ఏది గొప్పదో తీర్పు చెప్పుడని మమ్ము నడిగిరి. భౌతికశాస్త్రము బోధించు వారము గనుక మేము సుద్దముక్క చేత బట్టితిమి.

నిజమునకు ఈ రెండును ఒక తల్లి బిడ్డలు. బాటిస్టాలోని బ్యాటరీయు మోటారులును రిమాక్ వారు సమకూర్చినవే. రెండింటను చక్రమునకు ఒకటి చొప్పున నాలుగు మోటారులు. బలము సుమారు 1,400 కిలోవాట్లు. మన జూరాల జలవిద్యుత్కేంద్రములో ఒక్కొక్క యంత్రము 39 మెగావాట్లు ఉత్పత్తి చేయును. ఇట్టి కారులు 28 ఒక్కమారు పూర్ణబలముతో పరుగెత్తినచో ఆ యంత్రము యొక్క విద్యుత్తంతయు వాటికే సరి! అంత బలముతో నడిపిన 120 కిలోవాట్ గంటల బ్యాటరీ అయిదు నిమిషములలో వట్టిపోవును.

నిలిచిన చోటి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమందుటకు బాటిస్టాకు పట్టు కాలము 1.86 సెకండ్లు. నెవెరా 2023 ఏప్రిల్‌లో జర్మనీలోని పరీక్షామార్గమున 1.81 సెకండ్లలో అందుకొన్నది. ఈ భేదము రెప్పపాటుకన్న తక్కువ. ఎత్తు నుండి విడిచిన రాయి అంత వేగమందుటకు, గాలి యడ్డును లెక్కింపకున్నను, 2.8 సెకండ్లు పట్టును. అనగా భూమి రాతిని లాగుకొను దానికన్న ఈ కారు తన్ను తాను ముందునకు ఎక్కువగా లాగుకొనును. ఈ మాట బాలురు నమ్మలేదు. 27.8ని 1.86 చేత భాగించి, వచ్చిన 14.9ని 9.8తో పోల్చి చూపిన పిదప గాని వారు శాంతింపలేదు. పెట్రోలు ఇంజనునకు తిరుగుడు హెచ్చిన గాని పూర్తి బిగువు రాదు. విద్యుత్ మోటారునకు కదలకమునుపే వచ్చును. ఇక టైరు నేలను పట్టుకొను శక్తియే దానికి మేర.

పావు మైలు పరుగును నెవెరా 2021లో 8.58 సెకండ్లలో ముగించెను. 2022లో ఇండోర్ దగ్గరి నాట్రాక్స్ మార్గమున బాటిస్టా దానిని 8.55కు తగ్గించెను. మరుసటి యేడు నెవెరా 8.25కు దింపెను. తుది వేగమునకు వచ్చుసరికి బాటిస్టాకు 350 కిలోమీటర్లు, నెవెరాకు 412. తొలి పరుగులో జతగా సాగిన అక్కచెల్లెండ్రు ఇక్కడ 62 కిలోమీటర్ల యెడమైరి. త్వరణము వేరు, వేగము వేరు అని చెప్పుటకు ఇంతకన్న మంచి యుదాహరణము మాకు దొరకలేదు. (వడ్లు ఆరబోసి, గొర్రెల మందలు సాగు మన రోడ్లమీద 412తో ఏమి పని యని మాకు తోచినది గాని, అప్పుడు పైకి అనలేదు.)

నెవెరా పక్షమువారు జయఘోష చేయుచుండగా వెనుక వరుస నుండి ఒక బాలుడు లేచెను. “మరి ఆపేటందుకు ఎంతసేపు పడతది సార్?”

తరగతి నిశ్శబ్దమాయెను. వాని యన్న మా పూర్వవిద్యార్థి. రెండేండ్ల క్రిందట 44వ జాతీయ రహదారిపై, పెబ్బేరు దాటిన పిదప, మోటారు సైకిలుతో నిలిచియున్న లారీని ఢీకొనెను. నేటికిని కర్రసాయమున నడచుచున్నాడు.

నెవెరా 400 కిలోమీటర్ల వేగమంది తిరిగి నిలుచుటకు ముప్పది సెకండ్లకన్న కొంచెము తక్కువ పట్టినది. అందులో ఆగుటకు పట్టినది ఎనిమిదిన్నర సెకండ్లు. అంతలో ఇంచుమించు అర కిలోమీటరు నేల గడచిపోవును. ఆ బాలునికి కావలసినది ఈ లెక్క కాదని మాకు తెలిసెను. 100 కిలోమీటర్ల వేగమున పోవువానికి అపాయము కనబడి చేయి బ్రేకు మీదికి పోవుటకు ఒక సెకండు పట్టినచో, అప్పటికే 28 మీటర్లు గడచును. ఎండిన రోడ్డున, మంచి బ్రేకులున్నను, ఆగుటకు ఇంకొక 50 మీటర్లు కావలెను. వేగము రెట్టింపైన ఈ 50 రెట్టింపు గాక నాలుగింతలగును.

మరునాడు మైదానములో త్రాడుతో కొలిచి సున్నముతో రెండు గీతలు గీయించితిమి: ఒకటి 28 మీటర్లకు, ఒకటి 78కి. బాలురు మొదటి గీతవరకు పరుగెత్తి, రెండవదాని దూరము చూచి ఊరకుండిరి. అన్న దెబ్బతిన్న బాలుడు రెండవ గీత దాక నడచిపోయి కొంతసేపు అక్కడనే నిలిచెను. వారము తిరుగకమునుపే వానపడి గీతలు చెరిగిపోయినవి. మేము చెప్పకయే పిల్లలు మరల గీసికొనిరి.