వెదురు పుల్లలతో చుక్కల్ని కొలిచిన ఊరు

పూరీ వెళ్ళే మనవాళ్ళు స్వామి దర్శనం చేసుకుని, కోణార్క్ చూసి, చిలకలో పడవెక్కి తిరుగు రైలు పట్టేస్తారు. ఈసారి నేను భువనేశ్వర్‌లో దిగి, పడమరగా నయాగఢ్ జిల్లాలోని ఖండపడా వెళ్ళాను. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదక్కడ. ఒకప్పటి సంస్థానం, ఇప్పుడు చిన్న టౌను. కానీ పూరీ గుడి పూజావేళలకి ఆధారమైన లెక్క ఈ ఊళ్ళోనే పుట్టింది.

ఆ లెక్క కట్టినాయన అసలు పేరు చంద్రశేఖర సింహ సామంత. 1835లో రాజబంధువుల ఇంట పుట్టారు. అంతకుముందు పిల్లలు దక్కకపోవడంతో తల్లిదండ్రులు ఈయన్ని ఒక ముస్లిం ఫకీరుకి ఉత్తుత్తిగా అమ్మి, మళ్ళీ తెచ్చుకున్నారట. మనవైపు పెంటయ్య అని పేరు పెట్టినట్టే! అలా 'పఠాణి' అయ్యారు. జగన్నాథుడి భక్తుడికి ఆ పేరే నిలిచిపోయింది. ఒడిశాలో ఎవర్నడిగినా పఠాణి సామంత అనే అంటారు.

చిన్నప్పుడే జ్యోతిషం నేర్చుకుని ఆకాశం చూస్తే, గ్రంథం చెప్పిన చోట గ్రహం కనిపించలేదు. పాత సిద్ధాంతాల్లో తేడా ఏడాదికి వెంట్రుకవాసే. వందల ఏళ్ళు పేరుకుంటే మాత్రం తిథి జరిగిపోతుంది, గ్రహణం వేళ తప్పుతుంది. గ్రహణం వేళ తప్పితే గుడిలో నైవేద్యం వేళా తప్పినట్టే. భక్తుడు గనకే ఆ తేడాని సహించలేకపోయారని నాకనిపిస్తుంది.

భువనేశ్వర్‌లో ఆయన పేరు పెట్టిన ప్లానెటేరియం ఉంది. అక్కడ ఆయన పరికరాల నమూనాలు చూశాను. మానయంత్రం చూస్తే మొదట నవ్వొచ్చింది. రెండు కర్రముక్కల్ని ఇంగ్లీషు 'టీ' అక్షరంలా కలిపారు, అంతే. పొడుగు కర్ర చివర కంటి దగ్గర పెట్టుకుని, అడ్డకర్ర మీది గుర్తుల వెంట చూడాలి. కంటికీ అడ్డకర్రకీ ఎంత దూరమో తెలుసు, గుర్తుల మధ్య ఎడం తెలుసు. ఇక కోణం లెక్కలో వచ్చేస్తుంది. చెట్టెత్తు, కొండెత్తు, రెండు చుక్కల మధ్య ఎడం, అన్నీ దాంతోనే. చంద్రుడి దారి ఎంత ఒరిగి ఉందంటే సూర్యసిద్ధాంతం 4 డిగ్రీల 30 కళలంది. ఈయన 5 డిగ్రీల 9 కళలన్నారు. నేటి సైన్సు లెక్కకీ దానికీ తేడా ఒక్క కళ కూడా లేదు. అదీ టెలిస్కోపు లేకుండా!

1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు సొంత అబ్జర్వేటరీలో టెలిస్కోపు పెట్టి చూశారు. ఆ ముచ్చట ఈయన గ్రంథంలోనూ ఉంది.

ఆ గ్రంథం 'సిద్ధాంత దర్పణం'. సంస్కృతంలో, ఒడియా లిపిలో, తాటాకుల మీద దాదాపు 2,500 శ్లోకాలు. కటక్ రావెన్‌షా కాలేజీ అధ్యాపకుడు జోగేశ్ చంద్ర రాయ్ పూనుకుని, ఇంగ్లీషు ముందుమాట రాసి, 1899లో కలకత్తాలో అచ్చువేయించారు. అప్పుడు ఇంగ్లండు పత్రికలు ఈయన్ని టైకో బ్రాహీతో పోల్చాయి.

ఆ పోలికలో ఇంకో సంగతుంది. టైకోలాగే ఈయన కూడా భూమి కదలదనే అన్నారు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడేమో వాటిని వెంటేసుకుని భూమి చుట్టూ తిరుగుతాడని. వాట్సప్‌లో తిరిగే పొగడ్తలు ఈ ముక్క దాటేస్తాయి. ఎందుకు దాచాలో నాకర్థం కాదు. శాస్త్రం చెప్పిన అంకెల్ని కంటితో చూసి మార్చేశారు, శాస్త్రం చెప్పిన లోకాన్ని మాత్రం ముట్టుకోలేదు. పూరీ పండితులు ఆయన మాట వినడానికి అదీ ఒక కారణమేమో! తమ భాషలో, శ్లోకాల్లో, తమవాడే చెప్పాడు మరి. మన దగ్గర చూడండి, ఏటా ఏదో ఒక పండక్కి రెండు తేదీలు, దృక్ గణితమా పూర్వపద్ధతా అని టీవీల్లో రగడ.

1893లో ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదిచ్చింది. 1904లో పూరీలోనే కన్నుమూశారు.

ఖండపడా వెళ్తే మహానది ఒడ్డున కొండమీది నీలమాధవుడి గుడి కూడా చూసి రండి. జగన్నాథుడి తొలిరూపం ఆయనే అంటారు. ఆ ఊరి పేరు కంటిలో. తమాషా కాదు, నిజంగా అదే పేరు! చలికాలమైతే మంచిది. మబ్బుండదు, పొద్దు గుంకాక చుక్కలు బాగా కనిపిస్తాయి.