బండి నడపని మనిషి లెక్క

ఈ మధ్య హైదరాబాదు పాత పేటల్లో ఏ పెళ్లికి వెళ్లినా, ఏ పేరంటానికి వెళ్లినా ఒకే ప్రశ్న ఎదురవుతోంది: "మీరెప్పుడు మారుతున్నారు?" ఎక్కడికో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. కోకాపేట, నార్సింగి, నల్లగండ్ల, తెల్లాపూర్. ఔటర్ రింగ్ రోడ్డు పడమటి వంపులో లేచిన నలభై, యాభై అంతస్తుల గేటెడ్ కమ్యూనిటీలు. నల్లకుంటలో, చిక్కడపల్లిలో, మలక్‌పేటలో రెండు తరాలు కాపురం చేసిన కుటుంబాలు ఇల్లు అమ్మి అటు కదులుతున్నాయి. మా ఇంట్లోనూ రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే నడుస్తోంది. వెళ్లినవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ వెళ్లేముందు అందరూ వేసే లెక్కలో ఒక మనిషి లేకుండా పోతున్నారు. ఆ మనిషి గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు లాభాలు ఉన్నవున్నట్టు ఒప్పుకోవాలి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఊళ్లోని కొత్త ఉద్యోగాలు చాలావరకు ఆ దిక్కుకే పోయాయి. నల్లకుంట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు ఇరవై కిలోమీటర్ల పైమాటే. మెట్రోలో వెళదామంటే నారాయణగూడ దాకా ఆటో, పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారడం, రాయదుర్గంలో దిగి మళ్లీ క్యాబో షేర్ ఆటోనో వెతుక్కోవడం. పోనూ రానూ రోజుకు మూడు గంటలు దారిలోనే గడిచిపోతాయి. భార్యాభర్తలిద్దరూ అటే పనిచేస్తుంటే ఆ మూడు గంటలు ఇద్దరివీ. బడి నుంచి వచ్చిన పిల్లకు ఎదురుగా తల్లో తండ్రో ఉండటానికి వెల కట్టలేం. ఇల్లు మారడానికి ఈ ఒక్క కారణం చాలని ఎవరైనా అంటే నేను కాదనను.

రెండోది, ధీమా. కరెంటు పోతే క్షణాల్లో జనరేటర్ అందుకుంటుంది. మురుగు రోడ్డు మీదికి పొంగదు. 2020 అక్టోబరు వానల్లో పాత నాలాల వెంబడి ఉన్న బస్తీలూ కాలనీలూ ఎలా మునిగాయో చూసినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. సాయంత్రం చీకటి పడ్డాక కూడా పిల్లలు బండ్ల భయం లేకుండా సైకిళ్లు తొక్కుతారు. రాత్రి పది గంటలకు ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లెక్కే బాధ లేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు దగ్గర్లోనే ఉండటంతో పై అంతస్తుల్లో గాలి హాయిగా ఉంటుంది. బతుకమ్మకు నాలుగు రాష్ట్రాల ఆడపడుచులు ఒక్కచోట చేరి ఆడతారు. ఇవన్నీ నిజమైన సుఖాలు. పాత పేటల్లో ఉన్నవాళ్లకు వీటిలో సగం కూడా దక్కడం లేదు.

ఇక డబ్బు. రెండు వేల చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు పదివేలు అనుకుందాం. రెండు కోట్లు. అంత రుణానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంటే చేతిలో 50 లక్షలు ఉండాలి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, 15 లక్షలు. కట్టుబడిలో ఉండగా కొంటే జీఎస్టీ 5 శాతం, మరో పది లక్షలు. కోటిన్నర అప్పు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా లక్షా ముప్పై వేలు, తీరేసరికి కట్టేది 3 కోట్ల 12 లక్షలు. మెయింటెనెన్స్ అడుగుకు నాలుగు రూపాయలైతే నెలకు ఎనిమిది వేలు. అది 7,500 దాటింది కాబట్టి 18 శాతం జీఎస్టీ కూడా వచ్చి చేరుతుంది. రెండు వేల అడుగులని డబ్బు కట్టినా కాలు పెట్టి నడిచే నేల 1,400 అడుగుల దగ్గర ఆగుతుంది. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పే అమ్మాలని 2016 రెరా చట్టం వచ్చాక కూడా బేరాలు ఇంకా సూపర్ బిల్టప్ మీదే సాగుతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, యూడీఎస్, అంటే నేలలో మన ఫ్లాటుకు దక్కే విడదీయని వాటా. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లో ఒక్కో ఫ్లాటుకు వచ్చే భూమి వాటాతో పోలిస్తే యాభై అంతస్తుల టవర్లో వచ్చేది చాలా తక్కువ. ఇల్లు పాతబడ్డ కొద్దీ గోడల విలువ తరుగుతుంది. చివరికి మిగిలేది ఆ నేల వాటానే.

ఇంత ధర ఎందుకంటే నేల ధర అలా ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ వేలం వేసినప్పుడు ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. ఇటుక పెట్టకముందే అంత పెట్టుబడి పెట్టినవాడు చిన్న ఫ్లాట్లు కట్టడు. ఎత్తుగా కడతాడు, పెద్దవి కడతాడు. ఆ పెద్ద ఫ్లాట్లలో వంట చేసేవాళ్లూ అంట్లు తోమేవాళ్లూ గేటు దగ్గర నిలబడేవాళ్లూ ఆ నేల మీద బతకలేరు. పక్కనున్న పాత ఊళ్లలో ఇరుకు గదుల్లోనో, ఇంకా దూరానో ఉండి రోజూ వచ్చిపోతుంటారు. దాని ఫలితం ఉదయం ఏడున్నరకు ఏ గేటు దగ్గర నిలబడినా కనిపిస్తుంది. వరసగా ఆడవాళ్లు, చేతిలో టిఫిన్ డబ్బాలు. ఒక్కొక్కరూ తమ నంబరు చెప్పాలి, యాప్‌లో నమోదయ్యాక లోపలికి. తిరిగి వెళ్లేటప్పుడు సంచీ తెరిచి చూపాలి. ఇంటావిడ ఇచ్చిన పాత చీర పట్టుకుని ఒకామె, ఆ ఇంటావిడ ఫోనులో సరేననేదాకా ఎండలో నిలబడటం నేను చూశాను. నా కుటుంబం సుఖంగా ఉండటానికి ఇంకొక మనిషి రోజూ ఇలా నిలబడాలంటే అది కూడా నేను చెల్లించే ధరలో భాగమే. అది రసీదులో రాదు, అంతే.

ఇప్పుడు నేను చెప్పదలచిన మనిషి దగ్గరికి వస్తాను. మా మేనత్తకు డెబ్బై దాటాయి. నల్లకుంటలో ఉన్నన్నాళ్లూ ఆమె ఉదయం ఒక క్రమంలో సాగేది. కాఫీ అయ్యాక శంకరమఠం, అక్కడి నుంచి కూరగాయల మార్కెట్. గోంగూర కట్ట విప్పి, కాడ విరిచి చూసి, ముదురైతే పక్కన పెట్టి, ధర సగానికి అడిగి, ముప్పావుకు తీసుకునేది. మందుల షాపతనికి చీటీ అక్కర్లేదు, ఆమె మెట్టెక్కుతుండగానే బీపీ మాత్రల అట్ట తీసేవాడు. దారిలో నలుగురు పలకరించేవారు. సాయంత్రం ఓపిక ఉంటే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏ కచేరీయో, సన్మాన సభో. వీటిలో దేనికీ ఆమె ఎవర్నీ అడగలేదు, ఎవరి వీలు కోసమూ ఆగలేదు.

కొడుకు ఫ్లాటు కొన్నాక ఆమె కోకాపేట పంతొమ్మిదో అంతస్తుకు వెళ్లింది. కొడుకూ కోడలూ కంటికి రెప్పలా చూసుకుంటారు. నేను వెళ్లినప్పుడు బాల్కనీలో కూర్చోబెట్టి అంది: "నీళ్లకు తిప్పల లేదు బిడ్డా, కరెంటు పోదు, కోడలు మంచిది. ఏం తక్కువ లేదు. కాని పావుకిలో పచ్చిమిర్చి కావాలన్నా ఎవర్నో అడగాలె." ఫిర్యాదుగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో పచ్చిమిర్చి వస్తుంది. ఆమెకు కావలసింది పచ్చిమిర్చి ఒక్కటే కాదు. దాన్ని తెచ్చుకునే దారి, దారిలో మనుషులు, తన పని తాను చేసుకున్నానన్న తృప్తి. మార్కెట్టుకు నడిచే ఆ అరగంటే ఆమెకు వ్యాయామం, వార్తాపత్రిక, స్నేహం. లోపల వాకింగ్ ట్రాక్ ఉంది. ఆమె నడుస్తుంది కూడా. కానీ ఎక్కడికో వెళ్లడానికి నడవడం వేరు, ఒంటికి మంచిదని చుట్టూ తిరగడం వేరు.

ఇది ముసలివాళ్ల సంగతి మాత్రమే అనుకోవద్దు. పద్నాలుగేళ్ల పిల్లవాడికీ ఇదే. నల్లకుంట కుర్రాడు పుస్తకం కావాలంటే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి పోతాడు, స్నేహితుడి ఇంటికి సైకిల్ తొక్కుకుంటూ పోతాడు, చిల్లర లెక్క తప్పితే దుకాణంలో తగువులాడి నేర్చుకుంటాడు. గేటు లోపల పెరిగినవాడికి ట్యూషన్‌కైనా, సినిమాకైనా ఎవరో ఒకరు కారు తీయాలి. పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా ఊరు అతనిది కాదు. ఆడుకునే పిల్లలంతా ఇంచుమించు ఒకే ఆదాయం ఉన్న ఇళ్లవాళ్లు. లోకంలో మిగతావాళ్లు ఎలా బతుకుతారో అతనికి గేటు దగ్గరి వరసలోనే కనబడుతుంది. ఉద్యోగం లేని గృహిణి సంగతీ అంతే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నల్లకుంటలో ఇంటి నుంచి నాలుగడుగులు వేసి బస్సెక్కే ఆడమనిషికి ఊరంతా చేతికి వచ్చినట్టయింది. గేటు నుంచి బస్టాపుకు కిలోమీటరు పైన, అదీ పేవ్‌మెంటు లేని సర్వీసు రోడ్డు వెంట నడవాల్సిన ఆమెకు ఆ ఉచితం కాగితం మీదే ఉంటుంది.

ఇల్లు కొనేటప్పుడు లెక్క వేసేది ఎవరు? సంపాదించేవాళ్లు, కారు నడిపేవాళ్లు. ఆఫీసు ఎంత దూరం, ఔటర్ ఎంత దగ్గర, పార్కింగులు రెండా మూడా అన్నది వాళ్లే చూస్తారు. తీరా ఆ ఇంట్లో పగలంతా గడిపేది బండి నడపని మనిషి. అత్తగారో, తండ్రో, పిల్లో, ఉద్యోగం మానుకున్న భార్యో. ఎక్కువ గంటలు ఉండేవాళ్ల మాట లేకుండా ఆ ఇంటి మంచిచెడ్డలు తేలవు.

పాత పేట స్వర్గమని నేననడం లేదు. నల్లకుంటలో పేవ్‌మెంట్లు తోపుడుబండ్లు, స్కూటర్ల పాలయ్యాయి. లిఫ్టు లేని మూడంతస్తుల ఇళ్లలో పైన చిక్కుకుపోయిన పెద్దవాళ్లున్నారు. వానాకాలం వస్తే డ్రైనేజీ దిగులు తప్పదు. మోకాళ్లు బొత్తిగా కదలని తల్లికి మార్కెట్ దగ్గరగా ఉన్నా ఒరిగేది లేదు, ఆమెకు లిఫ్టూ ర్యాంపూ ఉన్న టవరే మేలు. రోజూ మూడు గంటల ప్రయాణంతో నలిగిపోతున్న దంపతులకు, ఇంట్లో పసిపిల్లలే ఉన్నవాళ్లకు కూడా మారడమే మంచిది. పెద్దలు ఇంకా నడవగలిగిన ఇళ్లు, పదేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లు మాత్రం తొందరపడకూడదని నా గట్టి అభిప్రాయం.

మారాలని మనసు లాగుతుంటే ముందు అద్దెకు వెళ్లండి. రెండు కోట్ల ఫ్లాటుకు అద్దె, దాని మీద కట్టే నెల వాయిదాలో సుమారు సగమే ఉంటుంది. పాత ఇల్లు అమ్మకండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడపండి. బోర్లు ఎండి ట్యాంకర్లు వరసకట్టే ఏప్రిల్ ఎలా ఉంటుందో, వాన పడ్డ సాయంత్రం ఐటీ కారిడార్ రోడ్లు ఎలా ఉంటాయో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా ఇంట్లో బండి నడపని మనిషి ఒంటరిగా, ఎవర్నీ అడగకుండా, పగలు ఎన్ని పనులు చేసుకోగలుగుతున్నారో చూడండి. పాలు, మందులు, గుడి, స్నేహితులు, పుస్తకం. ఇవి కాలినడకన అందితే నిశ్చింతగా కొనండి. అందకపోతే ఆ ఇంటికి మీరు కట్టే మూడు కోట్లకు పైన మరో మనిషి స్వేచ్ఛ కూడా కడుతున్నారని గుర్తుంచుకోండి.

ఇప్పటికే అక్కడ స్థిరపడ్డవాళ్లకు ఒక విన్నపం. మీ అసోసియేషన్ సమావేశాల్లో క్లబ్‌హౌస్ టైల్స్ గురించి మాట్లాడినంత పట్టుదలగా గేటు బయట పేవ్‌మెంటు గురించి, బస్టాపు గురించి అడగండి. వెనకవైపు నడిచేవాళ్ల కోసం ఒక చిన్న గేటు తెరిపించండి. దాని పక్కన కూరగాయల బండికి చోటివ్వండి. పనికి వచ్చే ఆడవాళ్లకు కూర్చునే నీడ, సంచీ తెరిపించని మర్యాద ఇవ్వండి. వీటికి కోట్లు అక్కర్లేదు, మెయింటెనెన్స్ పది రూపాయలు కూడా పెరగదు. డబ్బున్న పేట మంచి పేట కావాలంటే, కారు లేని మనిషి అక్కడ తలెత్తుకుని తిరగగలగాలి.