ఎండుపుల్ల అనుకొన్నాను

ముప్పది యేండ్లకు పైగా పిల్లల వ్రాతలు దిద్దినవానికి పదవీ విరమణతో ఎఱ్ఱసిరా కలం పోతుంది గాని దిద్దే బుద్ధి పోదు. ఆ బుద్ధితోనే నేనొక పూలతీగను మూడేండ్లు మూగదానిని చేసిన వైనం ఈ టపాలో విన్నవించుకొంటాను.

2015 వరకు మేము నాచారంలో పెరడున్న అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఎన్.టి. రామారావు గారి స్టూడియో పూర్తిపేరులోనే 'హార్టికల్చరల్' అన్న మాట ఉన్న పేట అది. అక్కడ మొక్కలు పెరగకపోతేనే వింత. సన్నజాజి, నందివర్ధనం, కరివేప. యజమాని ఆ స్థలాన్ని అపార్టుమెంటు కట్టేవారికి ఇచ్చివేయడంతో ఉప్పల్‌లో మూడవ అంతస్తుకు చేరాము. కుండీలో తెచ్చుకొన్న సన్నజాజి ఎదురు భవనం నీడలో ఆరు నెలలు కూడా బ్రతకలేదు.

మరుసటి యేడు మా శ్రీమతి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర తోపుడుబండి మీద ఒక చిన్న తీగ కొన్నది. "కడియం సరుకమ్మా, మైనం పూలు పూస్తుంది, వెలుతురు అక్కఱలేదు" అన్నాడట అమ్మినవాడు. మూడింటిలో చివరిది అబద్ధమని తరువాత తెలిసింది. దాని పేరు హోయా అని నేను చెబితే, "ఎవరినండీ కేకేస్తున్నారు?" అన్నది.

1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త థామస్ హోయ్ పేరిట ఈ పేరు పెట్టాడు. ఆ హోయ్ గారు ఇంగ్లండులో నార్తంబర్లాండ్ ప్రభువు తోటకు పెద్దమాలి. మట్టి పిసికిన మనిషి పేరు ఒక పూల జాతికి నిలవడం నాకెంతో నచ్చింది. వంశం మాటకు వస్తే మన జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం, సుగంధిపాల దీని దాయాదులే. ఆకు తుంచితే పాలు కారతాయి.

2019 ఏప్రిల్‌లో మొదటిసారి పూచింది. గొడుగు ఊచల వలె ఒకే బిందువు నుంచి చిమ్మిన ఇరవైకి పైగా చిన్న నక్షత్రాలు. లేత గులాబి వన్నె రేకులు అయిదేసి, నడుమ ఎఱ్ఱని మధ్యభాగంతో మరొక బుల్లి నక్షత్రం. మైనంతో పోతపోసి ఆరబెట్టినట్లుండేవి. పగలు వాసన అంతగా లేదు. రాత్రి భోజనాల వేళకు హాలంతా నిండిపోయింది. ఆ వారం రోజులు మా శ్రీమతి ఆ కిటికీ ప్రక్కనే కుర్చీ వేసికొన్నది. నాచారం వదిలాక ఆమె ముఖంలో ఆ తృప్తి చూడడం అదే మొదలు.

ఆగస్టులో అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్తూ నాకు రెండే మాటలు చెప్పింది. "నీళ్ళు తగ్గించి పోయండి. దాన్ని కదపకండి."

నేనేం చేశానో వినండి. కుండీ మరీ ఇరుకుగా ఉన్నదని జాలిపడి పెద్ద కుండీలోకి మార్చి, ఎఱ్ఱమట్టీ పశువుల ఎరువూ దట్టించాను. రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. ఆకుల్లేకుండా బారెడు సాగిన కొమ్మలు చూడ వికారంగా ఉన్నాయని కత్తిరించాను. పూలు రాలాక మిగిలిన అంగుళమంత మొండికాడలు ఎండుపుల్లల వలె కనబడగా వాటినీ తీసివేశాను. తప్పుల్లేని దస్తూరి వలె మొక్క నిగనిగలాడింది. ఫోటో తీసి డల్లాస్‌కు కూడా పంపాను!

2020 ఫిబ్రవరిలో తిరిగి వచ్చి ఆమె తీగను అటూ ఇటూ త్రిప్పి చూచింది. "పూలకాడలు ఏవండీ?"

"ఎండిపోతే తీసేశాను."

ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేది.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. చదువుకోవడానికి తీరిక దొరికింది. అడవిలో ఈ తీగ ఎక్కువగా చెట్ల బెరడును పట్టుకొని బ్రతుకుతుంది. దాని వేళ్ళకు గాలి కావాలి. తడిసి ఆరుతూ ఉండాలి. బురదలో కుళ్ళుతాయి. ఇరుకు కుండీ దానికి శిక్ష కాదు. ఆకుల్లేని కొమ్మ ఆధారం కోసం చాచిన చెయ్యి; ఆకులు వెనుక వస్తాయి. ఇక ఆ మొండికాడ! పూలు రాలినా కాడ చావదు. మళ్ళీ దాని కొననే మొగ్గ తొడుగుతుంది. నేను కత్తిరించింది రాబోయే యేండ్ల పూలను.

కుళ్ళిన వేళ్ళు తీసి, కొబ్బరిపీచు ముక్కలు, బొగ్గు, కాస్త మట్టి కలిపి పాత కుండీలోనే నాటాము. తూర్పు కిటికీ దగ్గర, ఉదయపు ఎండ గంటసేపు సోకేచోట పెట్టాము. ఆకు వంచితే మెత్తగా వంగినప్పుడే నీళ్ళు. పిండినల్లి పట్టితే వేపనూనె, సబ్బునీళ్ళు. రెండు వేసవులు ఒక్క మొగ్గ లేదు.

2021 మేలో ఇద్దరికీ కోవిడ్ వచ్చింది. నేను పదిరోజులలో లేచాను. ఆమెకు వాసన పోయింది. కొన్ని నెలల తరువాత వచ్చిన వాసనలు కూడా వంకరవే: కాఫీ మాడినట్లు, సాంబారు మురిగినట్లు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకొని నిలబడి ఉండగా ఒకనాడు చూచి, చూడనట్లు ఇవతలికి వచ్చాను.

2022 ఏప్రిల్‌లో తీగ పూచింది. రాత్రి హాలు నిండింది. ఆమె పాత కుర్చీలోనే కూర్చుని, "ఎలా ఉందో చెప్పండి" అన్నది.

పండితుణ్ణి కదా, మొదలుపెట్టాను. నలిపితే పుట్టేది పరిమళమనీ, దూరానికి వ్యాపించేది ఆమోదమనీ అమరకోశం తేడా చెప్పిందన్నాను.

"పేర్లు కాదండీ. వాసన చెప్పండి."

చాలాసేపు ఆలోచించి, పాలకోవా దింపే ముందు ఏలకులు చల్లినట్లున్నదన్నాను. తల ఊపింది. తరువాతి రెండు వేసవులూ అదే కాడ పూచింది, అదే ప్రశ్న వచ్చింది, అదే జవాబు చెప్పాను.

2025 ఏప్రిల్‌లో ఒక రాత్రి ప్రశ్న రాలేదు. గుత్తికి ముక్కు ఆనించి ఎంతోసేపు నిలబడి ఉన్నది.

"ఏమండీ, కోవా కాదు. ఏలకులు అసలే కావు."

"మరి?"

"నాచారంలో పెరట్లో పొయ్యి పెట్టి అరిసెల పాకం పట్టేదాన్ని చూడండి, జాజిపందిరి ప్రక్కన, అది. ఇన్నేండ్లూ తప్పు చెప్పారు."

నేను లేచి వెళ్ళి మళ్ళీ వాసన చూశాను. పాకమే.