షెడ్డుతో పాటు ఒక పుస్తకం

సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కుల నుంచి మన తాతలు, ముత్తాతలు నేత పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. తర్వాత మిల్లులు ఒకటొకటిగా మూతబడ్డయి. పని పోయినవాళ్లలో కొందరు చేతికొచ్చిన పైసలతో పాత పవర్‌లూమ్‌లు కొని ఇంటి వెనక పెట్టుకున్నరు. మా నాయన కూడా అట్లనే చేసిండు. ఆ షెడ్డు ఎట్ల కట్టినమో, అందులో ఎవరి పని ఎట్ల లెక్కకొచ్చిందో రాస్తే, ఇప్పుడు పెరట్లో ఏదో ఒక చిన్న కార్ఖానా పెడదామని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

మా పెరడు ఇరవై అడుగుల పొడుగు, పద్నాలుగు అడుగుల వెడల్పు. రెండు టవల్ మగ్గాలకు సరిగ్గా సరిపోయింది. మగ్గాలు గల్లీలోంచి పట్టవు కాబట్టి అక్కడే విప్పి, ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చినం. పక్క ఫ్రేములు బీడు ఇనుము. ఒక్కొక్కటి లేపడానికి నలుగురు కావాల్సి వచ్చింది. అన్న, మేనమామ, పక్కింటి ఇద్దరు పిల్లలు భుజం పట్టినరు. మామ మేస్త్రీ పని చేస్తడు కాబట్టి గోడలకు కూలి పడలేదు. పొద్దంతా బయటి పని చేసి, సాయంత్రం వచ్చి లైటు కింద ఇటుక పేర్చేవాడు. సిమెంటు కలపడం అన్నది, నీళ్లు మోయడం వదినెది, నాది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది నేలకు. మగ్గం ఒక పక్కకు ఒరిగితే నాడె సరిగ్గా పోదు, ఎగిరి బయటపడుతుంది. నాయన సన్న ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి నాలుగు మూలలా మట్టం చూసిండు. షాబాద్ బండలు వేసినాక మళ్లీ చూసిండు. మిల్లులో ఆయనతో పనిచేసిన జాబర్ కాక వచ్చి మగ్గాలు బిగించి ఇచ్చిండు. పైసలు ముట్టలేదు, రెండు పూటలు మా ఇంట్ల అన్నం తిన్నడు, అంతే.

కప్పు విషయంల నాయన మిల్లునే నమ్మిండు. మిల్లు నేత ఖాతా కప్పు రంపం పండ్ల లెక్క ఉంటది. పండ్లకు ఒక దిక్కు అద్దాలుంటయి, ఆ అద్దాలు ఉత్తరం మొఖాన ఉంటయి. అటునుంచి ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం పొద్దంతా ఒకేలా వస్తది, తెగిన పోగు కండ్లకు కనబడతది. మేము కూడా పత్రాలను, అంటే రేకులను, ఉత్తరం దిక్కు ఎత్తుగా పెట్టి, ఆ ఎత్తు కింద నాలుగు అద్దాలు బిగించినం. టవల్ మగ్గానికి రెండు బీములు కావాలి, ఒకటి నేత పడుగుకు, ఒకటి లూపులకు. లూపు బీము పైన కూర్చుంటది కాబట్టి ఆ ఎత్తు దానికీ పనికొచ్చింది.

ఎండాకాలం సోలాపూర్ ఎట్లుంటదో మీకు చెప్పనక్కర లేదు. రేకుల కింద గాలి ఎండితే నూలు పెళుసై తెగుతది. మిల్లులో తేమ కోసం యంత్రాలే ఉండేవి. ఊర్ల మా తాత గుంట మగ్గం మీద నేసేటప్పుడు ఆ గుంటలోని చల్లదనమే పడుగును కాపాడేది. మాకు రెండూ లేవు. కిటికీలకు తడి గోనె సంచులు కట్టినం, నేల మీద గంట గంటకు నీళ్లు చల్లినం. మోటారు బెల్టుకు జాలి, నాడె ఎగిరితే ఆగడానికి మగ్గానికి అడ్డం కడ్డీ, షెడ్డుకూ వంటింటికీ నడుమ ఇటుక గోడ, గట్టి తలుపు పెట్టినం. ఇంట్ల చిన్న పిల్లలున్నోళ్లు ఈ మూడూ ముందు పెట్టాలె, మగ్గం తర్వాత నడపాలె. కరెంటుకు ఇంటి మీటరు కాకుండా త్రీ ఫేజ్ మీటరు వేరుగా తీసుకున్నం.

షెడ్డు లేచింది. వ్యాపారి నూలు ఇచ్చిండు, మీటరు లెక్కన మజూరీ ఒప్పుకున్నడు. ఒక మగ్గం నాయన, ఒకటి అన్న. మరి కండెలు ఎవరు చుట్టాలె? అడగకుండానే ఆ పని వదినె మీద పడింది.

వదినె అప్పటిదాకా మా అమ్మ తోటి బీడీలు చుట్టేది. మన దగ్గర బీడీ కార్డు అంటే ఏందో ఆడోళ్లందరికీ తెలుసు. అప్పట్ల 1966 బీడీ కార్మికుల చట్టం ప్రకారం ఇంట్ల కూర్చుని చుట్టినా కార్మికురాలి కిందనే లెక్క ఉండేది. చుట్టినన్ని బీడీలు కార్డు మీద పడతయి, దాని మీదనే పీఎఫ్ జమైతది. కండెల మీద కూర్చున్నాక వదినె బీడీ లెక్క సగానికి పడిపోయింది. ఆ తగ్గింది ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే షెడ్డుల కండెలు ఎప్పుడూ నిండుగనే ఉంటున్నయి.

కనిపెట్టింది మా అమ్మ. ఒకరోజు రాత్రి అన్నాలకాడ నాయనను అడిగింది.

"ఏమయ్యా, నేను వెయ్యి బీడీలు చుడితే వెయ్యి అని రాస్తరు. పనికిరానివి తీసేస్తే అది గూడ రాస్తరు. పొద్దుగాల సంది నీ షెడ్ల కండెలు చుట్టేదాని పేరు యాడ రాస్తున్నవు?"

"ఇంటి పనికి పగారేందే? అంతా మన ఇంటికే గదా వచ్చేది," అన్నడు నాయన.

"మన ఇంటికే వస్తది. ఎంత వస్తున్నదో నీకెరుకనా? ఒక్క వారం కూలి మనిషిని పెట్టి చుట్టించు. ఆ తర్వాత మాట్లాడుదాం."

నాయన కోపంగానే పక్క గల్లీ నుంచి ఒకామెను పిలిచిండు. వదినె ఆ వారం బీడీల మీద కూర్చుంది. శనివారం కూలి ఇచ్చినాక మిగిలిన మజూరీ ఎంచుకుంటూ నాయన చాలాసేపు మాట్లాడలేదు. లాభం అనుకున్నదాంట్ల పెద్ద భాగం వదినె చేతుల కష్టమేనని ఆ వారం తేలింది.

సోమవారం నాయనే నా బడి నోటుబుక్కు ఒకటి అడిగి తీసుకున్నడు. "బిడ్డా, నువ్వు రాయి," అని నా ముందు పెట్టిండు. ఒక పేజీల ఎవరు ఎన్ని మీటర్లు నేసిండ్రు. ఇంకో పేజీల వదినె ఎన్ని కిలోల నూలు చుట్టింది, బయట కూలి రేటు ప్రకారం ఎంతైంది. కరెంటు బిల్లు, నూనె, విరిగిన పికర్లు, తెగిన బెల్టు వేరే పేజీల. వదినె పేరున పోస్టాఫీసుల ఖాతా తీసి, నెలకొకసారి ఆమె పైసలు అండ్ల వేసినం. పొద్దున బీడీలు, మధ్యాహ్నం నుంచి కండెలు అని ఆమె పని కూడా విడగొట్టినం, బీడీ కార్డు తెగిపోకుండ.

పుస్తకంతో ఇంకో మేలు జరిగింది. ఒక రకం టవల్‌కు పేక దారం మోటుగా ఉండేది. మోటు దారం కండె మీద తక్కువ పడతది, తొందరగ అయిపోతది. అంటే మగ్గం ఎక్కువసార్లు ఆగుతది, కండెలు ఎక్కువ చుట్టాలె. మీటరు రేటు మాత్రం సన్న పేక టవల్‌ది ఎంతో దీనిదీ అంతే. వదినె పేజీ పక్కన నేత పేజీ పెట్టి చూస్తే ఆ రకం నేసిన నెలలన్నీ నష్టమే. నాయన పుస్తకం పట్టుకుని వ్యాపారి దగ్గరికి పోయిండు. రేటు పెరగలేదు. కానీ ఆ రకం మాకొద్దని చెప్పి, సన్న పేక మాల్ తెచ్చుకున్నడు.

ఇప్పుడు షటిల్ మగ్గాలు తుక్కు కింద పోతున్నయి, కొత్త రకాలొస్తున్నయి. మీరు పెట్టేది మగ్గం కాకపోవచ్చు, టవల్ అంచులు కుట్టే మిషన్లు కావచ్చు, వెల్డింగ్ కావచ్చు, పిండి గిర్ని కావచ్చు. ఏది పెట్టినా పునాది తవ్వకముందు ఇంట్లోవాళ్లంతా ఒకచోట కూర్చోండి. ఎవరు ఏ పని మానుకుని ఇందులకు వస్తున్నరో అడగండి. వాళ్లు మానుకున్న పనికి కార్డు, పీఎఫ్, చదువు ఏదైనా ముడిపడి ఉంటే అది తెగకుండ చూడండి. చిన్న పిల్లలను మిషన్ దగ్గరికి రానియ్యకండి. గోడలకు ఇటుక ఎంత పట్టిందో రాసే పుస్తకంలనే మనుషుల పేర్లు కూడా రాయండి. ఆ పైసలు వెంటనే ఇయ్యలేకపోయినా సరే, రాయండి. రాసి ఉంటే ఎప్పుడైనా అడగొచ్చు.