ఫుల్లర్టనులో ఒక నాదకర్మశాల

లాస్ ఏంజెలెస్ నగరమునకు ఆగ్నేయముగా నున్న ఫుల్లర్టను అను పట్టణముననే లియో ఫెండరు 1938లో రేడియోలు మరమ్మతు చేయు దుకాణము తెరచెను. గిటారు వాయించుట యెరుగని ఆయన, వాయించువారి చెవులను నమ్మి, ఆ దుకాణము నుండి పెరిగిన సంస్థను 1965లో సి.బి.ఎస్.కు విక్రయించులోపుననే, నేటికిని లోకమెల్ల అనుకరించుచున్న యాంప్లిఫైయర్లను రూపొందించెను. ఆ పట్టణముననే, 1950ల నాటి ఫెండరు ‘డీలక్స్’ యాంప్లిఫైయరును పాత పథకము ననుసరించి ఒక్కొక్కటిగా చేతితో కట్టుచున్న వృద్ధశిల్పి యొకరి కర్మశాలను దర్శించు భాగ్యము నాకు కలిగినది.

బల్లపై నల్లని ఫైబరు పలక యొకటి పరచియుండెను. దానికి రెండు వరుసలుగా పొదిగిన ఇత్తడి కన్నములలో రెసిస్టర్ల కాళ్లను, కెపాసిటర్ల కాళ్లను దూర్చి, తీగను వంచి, టంకము కరగి కన్నము నిండా వ్యాపించి మెరయువరకు వేచి, అప్పుడు మాత్రమే ఆయన కాకను తొలగించుచుండెను. 5ఇ3 అని వ్యవహరింపబడు ఈ పథకమున ధ్వనిమార్గమునకు నాలుగే వాల్వులు: తంత్రి నుండి వచ్చు అత్యల్పమైన విద్యుత్తును తొలుత పెంచునది 12ఏవై7, దానిని మరింత పెంచి, పరస్పర విరుద్ధములైన రెండు పాయలుగా చీల్చునది 12ఏఎక్స్7, ఆ పాయలను చెరియొకటిగా గ్రహించి స్పీకరును కదలించునవి రెండు 6వి6లు. విద్యుత్తును ఏకముఖము చేయు 5వై3 వేరుగా నుండును. ఇంతయు కలిసి వెలువరించు ధ్వనిశక్తి పదిహేను వాట్లకు మించదు. మా ఇండ్లలో ఒకప్పుడుండిన వాల్వు రేడియోవలెనే ఇదియు మీట నొక్కిన వెంటనే పలుకదు. తంతువు ఎరుపెక్కువరకు మౌనము వహించును.

గట్టిగా మీటినపుడు 5వై3 వద్ద వోల్టేజి క్షణకాలము క్రుంగి మరల లేచుటచే స్వరము మొదట అణగి పిదప పొంగును. ఫలితమును వెనుకకు మరల్చి దిద్దు ఏర్పాటు ఈ పథకమున లేకుండుటచే నిర్మలధ్వని ఒక్కసారిగా గాక క్రమక్రమముగా బొంగురువోవును. ఆనాటి ఇంజనీర్లు దోషమని యెంచిన ఈ వికృతినే గిటారువాదకులు తమ కంఠముగా స్వీకరించిరి. యాంప్లిఫైయరు వాద్యమునకు వెలుపలి యంత్రము గాదనియు, వాద్యములో సగభాగమనియు నాకు ఆ గదిలో దృఢపడినది.

యాంప్లిఫైయరు లోపల వోల్టేజి మూడువందల యేబదికి పైబడి యుండును; ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటర్లు ప్రాణాంతకమైన శక్తిని దాచుకొనియుండును. ఆయన ఒక రెసిస్టరు ద్వారా దానిని ఖాళీచేసి, మీటరు సున్న చూపినగాని లోపల చేయి పెట్టడు. విద్యుత్తు ప్రవహించుచుండగా పరీక్షింపవలసివచ్చిన, ఎడమచేతిని వెనుకకు కట్టుకొని, చీనావారు భోజనమునకు వాడు వెదురుపుల్లతో ఒక్కొక్క తీగను మెల్లగా తట్టుచు చెవియొగ్గును. ఒకచోట తట్టగానే స్పీకరు చిటపటలాడెను. టంకము సరిగా పట్టని సంధి అదియే.

పరికరముల ఎన్నికలో ఆయనకు మూఢవిశ్వాసము లేదు. పాత కార్బను రెసిస్టర్లకై అనేకులు వెలకు వెనుదీయక వెదకుదురు. అవి కాలక్రమమున విలువ మారును, బుసబుసలాడును. మొదటి వాల్వు వద్ద ఆయన మెటల్ ఫిల్మ్ రెసిస్టరునే వాడును. అది యుక్తమని నేనును తలంచెదను. అటుపిమ్మట ఒక స్వరమును మీటి, మొదటి వాల్వు కాథోడు వద్దనున్న 25 మైక్రోఫారడు కెపాసిటరును తొలగించి, క్లిప్పులతో 0.68 దానిని తగిలించి అదే స్వరమును మీటెను: మంద్రము పలుచబడి, తంత్రుల అంచు స్పష్టముగా మెరసెను. కొన్ని రూకల వస్తువు చేసిన మార్పు అది! పిదప తీగలను వేరొక పన్నెండంగుళముల స్పీకరునకు మార్చగా యాంప్లిఫైయరే మారినట్లుండెను. కెపాసిటరుపైనున్న పేరునకు గాక ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునకును, స్పీకరునకును ధనము వెచ్చింపవలెనని ఆయన మతము.

గిటారునకును యాంప్లిఫైయరునకును నడుమ తగిలించి ధ్వనిని మార్చు పెడళ్ల విషయమున మాత్రము ఆయన నెమ్మదిగా, వివరముగా మాటలాడెను. 1966లో లండనున ఆర్బిటరు సంస్థ వెలువరించిన ఫజ్ ఫేసు వంటి జర్మేనియం పెడలు వేడికి స్వభావము మార్చుకొనును. గిటారుతో నేరుగా కలిసినగాని దాని సొగసు తెలియదు గనుక వరుసలో దానికి మొదటి స్థానమీయవలెను. ట్యూబ్ స్క్రీమరు అను పెడలు మంద్రమును తగ్గించి మధ్యస్వరములను ముందునకు త్రోయును గనుక, పొంగి పొరలు ఈ డీలక్సునకు మిక్కిలి హితము చేయును.

ఇంతలో డీలక్సు చేయించుకొనవచ్చిన యువకుడొకడు తన ప్రతిధ్వని పెడలును తెచ్చి తగిలించెను. ధ్వనిని పెంచినంతనే ప్రతిధ్వనులన్నియు ఒకదానిలో నొకటి కలగలిసి ముద్దయైనవి. పెడలు ముందును, వికృతి దాని వెనుకను ఉన్న ఈ పథకమున వేరొకటి జరుగదు. "మీకు కావలసినది ఇది కాదు" అని వృద్ధుడు సౌమ్యముగా పలికి, వ్రాసియుంచిన ఆర్డరును కొట్టివేసి, రెండు 6ఎల్6 వాల్వులతో నలుబది వాట్ల వరకు నిర్మలముగా పలుకు పెద్ద పథకమును ఆ యువకుని యెదుట విప్పెను.